నలభై దాటినా డిగ్రీ చదవవచ్చు
వయసు అడ్డు కాదు, ఆధార్‌లో తప్పులే అడ్డు

నల్లగొండ: ఇంటర్‌తో చదువు ఆపేసినవారు మన జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా కనిపిస్తారు. కొందరు సేద్యంలో దిగారు. కొందరికి పెళ్ళయింది. మరికొందరు చిన్న ఉద్యోగం దొరికితే అదే పదివేలనుకున్నారు. పిల్లలు చదువుల్లో పడ్డాక వీరిలో కొందరికి మళ్ళీ డిగ్రీ మీదికి మనసు పోతుంది. ఉద్యోగంలో పై మెట్టు ఎక్కాలంటే చాలాచోట్ల డిగ్రీ ఉందా అని అడుగుతారు. అయితే ఈ వయసులో మనల్ని ఎవరు చేర్చుకుంటారన్న సంకోచం వెనక్కి లాగుతుంది.

ఈ సంకోచం అక్కర లేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదవడానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. తల్లీ కూతుళ్ళు ఒకే ఏడాది చేరినా కాదనేవారు లేరు.

దేశంలో మొదటిది మనదే

బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ తరహాలో, మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్‌లోనే వెలసింది. ఆచార్య జి. రామిరెడ్డి దానికి తొలి వైస్ ఛాన్సలర్. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం నెలకొల్పినప్పుడు దానికి కూడా ఆయననే తొలి వైస్ ఛాన్సలర్‌గా నియమించారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ప్రధాన కార్యాలయం హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఉంది.

ఇక్కడ రోజూ కాలేజీకి వెళ్ళే పని లేదు. పుస్తకాలు తెలుగులో ఉంటాయి. అధ్యయన కేంద్రాలలో సెలవు రోజుల్లో తరగతులు జరుపుతారు. పొలం పని, ఇంటి పని చూసుకుంటూ తీరిక వేళల్లో చదువుకొని పరీక్షలు రాయవచ్చు. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. కోర్సులు మూడేళ్ళు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ మామూలు కాలేజీ డిగ్రీతో సమానమేనని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2022లో మరోసారి స్పష్టం చేసింది.

చిక్కంతా కాగితాల్లోనే

ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. అంతకన్నా ముందు ‘డెబ్ ఐడి’ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. దూరవిద్యలో చేరేవారందరికీ కమిషన్ 2024లో దీన్ని తప్పనిసరి చేసింది. ఈ సంఖ్య రావాలంటే ఆధార్ కావాలి. పెద్ద వయసు అభ్యర్థులకు చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే.

పదో తరగతి మెమోలో పుట్టింటి వారి ఇంటిపేరు ఉంటుంది. పెళ్ళయ్యాక తీసుకున్న ఆధార్‌లో అత్తింటి వారిది ఉంటుంది. ఆధార్ తీసుకున్న నాడు పుట్టిన తేదీ తెలియదని చెప్పినవారికి జనవరి 1 అని రాసి ఉంటుంది. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది, లేదా పట్నంలో ఉన్న కొడుకుది అయి ఉంటుంది. ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే. ఇవన్నీ చివరి రోజున బయటపడితే ఆ ఏడాది ప్రవేశం చేజారినట్లే.

కనుక ప్రకటన వెలువడక ముందే మెమోను, ఆధార్‌ను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. తేడా ఉంటే మెమో తీసుకొని ఆధార్ కేంద్రానికి వెళ్ళాలి. ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. అందువల్ల ఆపరేటరు టైపు చేసింది చదివి చూసుకున్నాకే సరేననాలి. మెమో పోయినవారు తాము చదివిన బడి ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి కొంత కాలం పడుతుంది. కాబట్టి ఈ పని ముందుగా మొదలుపెట్టడం మేలు.

ఇంటర్ లేనివారి సంగతి

మొదటి రోజుల్లో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరిన పెద్దలు ఎందరో ఉన్నారు. వారి మాట విని నేడు నేరుగా వెళితే నిరాశ పడవలసి రావచ్చు. పదితో ఆగినవారికి నికరమైన దారి ఓపెన్ స్కూల్ ఇంటర్. దీనికి కూడా పై వయసు పరిమితి లేదు. పదో తరగతి తప్పినవారికి అక్కడే పది రాసే వీలుంది. ఇంటర్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పి ఆగిపోయినవారు, పాసైన కొన్ని సబ్జెక్టుల మార్కులను బదిలీ చేసుకోవచ్చునేమో ఓపెన్ స్కూల్ కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి.

దళారుల మాట వినవద్దు

‘పరీక్ష లేకుండా డిగ్రీ’, ‘ఒకే సిట్టింగ్‌లో మూడేళ్ళ డిగ్రీ’ అంటూ తిరిగేవారు ఉన్నారు. మూడేళ్ళ కోర్సును ఒక్కసారిగా ముగించి ఇచ్చే పట్టా చెల్లదు. తరువాత ఉద్యోగంలో సర్టిఫికెట్ల తనిఖీ జరిగితే డబ్బుతో పాటు ఉద్యోగం కూడా పోతుంది. పైగా కేసు మెడకు చుట్టుకుంటుంది. ఏ విశ్వవిద్యాలయానికి, ఏ కోర్సుకు గుర్తింపు ఉన్నదీ కమిషన్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఫీజు విశ్వవిద్యాలయానికే కట్టి రశీదు దాచుకోవాలి.

ప్రవేశ ప్రకటన సాధారణంగా వేసవి సెలవుల తరువాత వస్తుంది. ఫోన్‌లో దరఖాస్తు నింపడం రానివారు మీ సేవ కేంద్రంలో గానీ, కాలేజీ చదువుతున్న ఇంట్లో పిల్లల చేత గానీ నింపించుకోవచ్చు. సందేహాలు ఉంటే దగ్గరలోని అధ్యయన కేంద్రంలో అడగవచ్చు. ఊళ్ళో ఇలా చేరదలచినవారు ఇద్దరు ముగ్గురు ఉంటే కలిసి వెళ్ళడం మంచిది. సెలవు రోజు తరగతులకు తోడు ఉంటుంది, పుస్తకం తెరిచి కూర్చోవడానికి పోటీ కూడా ఉంటుంది.