ఆటపెట్టెలో మన కథ

మెదకు కోట నీడలో చింతగింజలతో వామనగుంటలాడిన మాతరమునకు నేటి పిల్లల తెరమీది ఆట వింతయే. ఆ వింత ఇండ్లలో ప్రవేశించినది 1972లో. రాల్ఫ్ బేయర్ ఊహ ననుసరించి అమెరికాలో మాగ్నవాక్స్ సంస్థ ‘ఒడిస్సీ’ని వెలువరించినది, ఇంటి టెలివిజనుకు తగిలించి ఆడదగిన తొలి పెట్టె యదియే. దానికి శబ్దము లేదు. రంగులకై తెరకు ప్లాస్టిక్ రేకు నంటింపవలెను. మన వామనగుంటలలో వలెనే గెలుపోటముల లెక్క ఆటగాండ్రదే!

పిదప చిరకాలము మనము పరుల కథలనే ఆడితిమి. 2009లో హైదరాబాదునందలి అరోనా టెక్నాలజీస్ వారు ప్లేస్టేషన్ 2 కొరకు ‘హనుమాన్: బాయ్ వారియర్’ నిర్మించిరి. భారతదేశమున రూపొందిన తొలి కన్సోలు ఆటగా దానికి పేరు.

గడపగడపన రామాయణమున్న దేశమున ముప్పదియేడేండ్ల ఆలస్యమేల? కథ లేక కాదు. కథను ఆటగా మలచు విద్యను బడిలో నేర్పమైతిమి. ఉపాధ్యాయులారా, ఆడవద్దని మందలించుటతోనే మన పని తీరునా?