పట్టు విడువని బ్రేకు

కొంత దూరము నడచిన పిమ్మట కారులో ఒక్క చక్రము మాత్రమే మిక్కిలి వేడెక్కినచో, దాని బ్రేకు కాలిపర్ బిగిసినదేమో చూడవలెను.

డిస్కు బ్రేకులో పాదపు ఒత్తిడి బ్రేకు ఆయిల్ ద్వారా కాలిపర్‌లోని పిస్టన్‌ను చేరును. పిస్టన్ ప్యాడ్‌ను డిస్కుకు అదుమును. పాదము తీయగానే, వంగిన రబ్బరు సీలు తన రూపమును తిరిగి పొందుచు పిస్టన్‌ను వెనుకకు లాగును. ఈ వెనుకంజ మిల్లీమీటరులో కొద్ది భాగమే. కనుక కొంచెము తుప్పు చాలు, దానిని ఆపుటకు.

ఇనుము తుప్పుగా మారినపుడు ఘనపరిమాణము రెండింతలకు మించును. రబ్బరు తొడుగు చినిగి నీరు చేరినచో, క్రోమియము పూత లేచినచోట తుప్పు పెరిగి పిస్టన్‌ను బిగించును. అపుడు ప్యాడ్ డిస్కును రాచుచునే యుండును. ఆ వేడి ఆయిల్‌కు ప్రాకును. డాట్ 3 ప్రమాణము ప్రకారము కొత్త ఆయిల్ కనీస మరుగుస్థానము 205 డిగ్రీల సెంటిగ్రేడు. తేమ పీల్చినదానికి 140 మాత్రమే. ఆయిల్ మరిగినచో ఆవిరి అణగిపోయి పెడలు నేలనంటును, కారు ఆగదు.

బిగిసిన పిస్టన్‌ను సుత్తితో కొట్టరాదు. ఆయిల్ గొట్టము విప్పకముందే, ఎదుట చెక్కముక్క నుంచి, పెడలును మెల్లగా త్రొక్కి వెలికి తేవలెను. కంప్రెసర్ గాలి ప్రమాదకరము. అణగిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పిస్టన్‌ను గుండువలె విసరును. ద్రవమున కా గుణము లేదు.

గుంటలు పడిన పిస్టన్‌ను, పాత సీలును మార్చవలెను. కాలిపర్ జారెడి గైడ్ పిన్‌లకు సిలికోన్ గ్రీజు వాడవలెను. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి మరల బిగించును. చివరకు గొట్టములోని గాలిని పూర్తిగా తీసివేసినగాని కారు నడుపరాదు.