వేదిక వెనుక శ్రోత

సంగీతసభ యనగానే గాయకునికి ఎదురుగా వరుసలు తీరి కూర్చున్న శ్రోతలే మన కన్నులకు కట్టుదురు. కాని పేరొందిన విద్వాంసుడు వచ్చిన నాడు మందిరము చాలదు. ముందు వరుసలు నిండును, ప్రక్కలు నిండును. తుదకు వేదికమీదనే, విద్వాంసుల వెనుక, జంపఖానా పరచి మిగిలినవారిని కూర్చుండబెట్టుదురు. కాకినాడలోను, రాజమహేంద్రవరములోను, మదరాసు సభలలోను ఈ దృశ్యము రసికులకు క్రొత్త కాదు. ఆ చోట కూర్చున్నవారికి ఏమి వినబడును? ఏమి వినబడదు? ఎందువలన? చోటు చూపించుటతో తమ పని తీరినదని తలచు సభానిర్వాహకులును, చోటు దొరకినదే చాలునని తృప్తిపడు శ్రోతలును ఈ ప్రశ్నలను కొంచెము ఆలోచింపవలసియున్నది.

మన పాత కళలకు “వెనుక” యనునది అంతగా లేదు. భజనగోష్ఠిలో నడుమ దీపముండును. పాడువారును వినువారును దాని చుట్టును చేరుదురు. వీధిభాగవతము మూడు ప్రక్కల జనము కూర్చుండగా నడచును. తోలుబొమ్మలాటలో తెర వెనుకభాగమే ఒక లోకము. దీపపు వెలుగున బొమ్మల రంగులు, ఆడించువారి చేతుల నేర్పు, కాలిక్రింది బల్లచెక్కల చప్పుడు అచట నున్నవారికే దగ్గరగా తెలియును. కాకినాడ చేరువనున్న మాధవపట్నము ఈ కళకు పేరుపొందిన గ్రామము. ఎత్తైన వేదిక, దానిని ఒక్క వైపునుండియే చూచు జనము అను ఏర్పాటు మన ప్రాంతమున ఆధునిక నాటకముతోపాటు బలపడినది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి నాటకము లాడిరి. ఆ కాలముననే కందుకూరి వీరేశలింగము పంతులుగారు విద్యార్థులచేత తెలుగు నాటకములు ఆడించిరి. నాటకమునకు తగిన ఆ వేదికనే సంగీతమును కైకొన్నది. వేదికకు ముఖ మేర్పడినప్పుడు వీపును ఏర్పడినది.

ఇక ధ్వని సంగతి. శబ్దము గాలిలో సెకండునకు సుమారు 340 మీటర్లు ప్రయాణము చేయును. మంద్రధ్వనుల అలలు పొడవైనవి. తారధ్వనుల అలలు పొట్టివి. ఒకటవ శ్రుతిలో పాడు గాయకుని ఆధారషడ్జమునకు సెకండునకు దాదాపు 130 కంపనములు. దాని అల పొడవు రెండున్నర మీటర్లకు పైన. సెకండునకు 4,000 కంపనములు గల ధ్వని అల పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. మనుష్యుని తల వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. తనకంటె చిన్నదైన అడ్డును పెద్ద అల సులభముగా చుట్టి వెనుకకు వచ్చును. చిన్న అల అట్లు రాలేక ముందుకే సాగిపోవును. కనుక గాయకుని వెనుక కూర్చున్నవానికి కంఠములోని గుంభనము చేరును గాని పదును చేరదు.

ఆ పదునులోనే మాట యున్నది. అచ్చుల బలము తక్కువ కంపనముల ధ్వనులలో నుండును. సకార, శకార, చకార, తకారముల స్ఫుటత్వము ఎక్కువ కంపనముల ధ్వనులపై ఆధారపడును. “రామ” యను మాట వెనుకకును చాలవరకు చెడకుండ వచ్చును. “సీత” యను మాటలోని హల్లులు మాత్రము సన్నగిల్లి, దీర్ఘమైన ఈకారమే మిగులును. ఆలాపనకు దీనివలన వచ్చు నష్టము స్వల్పము. కృతికి అట్లు కాదు. త్యాగరాజస్వామి కృతులలో అత్యధికభాగము తెలుగువే. భాష తెలియని శ్రోత రాగమును విని ఆనందించి పోవచ్చును. మన గోదావరి తీరపు శ్రోతకు ఆ మాట మాతృభాషలోని మాట. భావము తెలిసి కన్ను చెమర్చునట్టి మాట. అది చెవికి అందకపోయిన నాడు సభలో సగము పోయినట్లే.

అయితే వెనుకనున్నవానికి లభించు భాగ్యములును కొన్ని కలవు. తంబుర సాధారణముగా గాయకుని వెనుకనే యుండును. కావున శ్రుతి అతని చెవి ప్రక్కనే మ్రోగుచుండును. మృదంగ విద్వాంసుడు మామూలుగా గాయకుని కుడివైపున, గాయకునివైపు మొగము పెట్టి కూర్చుండును. అందువలన నల్లని మచ్చగల కుడిమూత ఎదుటి జనమువైపునకును, రవ్వముద్ద పెట్టిన ఎడమమూత వెనుకవైపునకును తిరిగియుండును. ముందువారు కుడిచేతి చాపు, అరచాపుల స్ఫుటత్వమును విందురు. వెనుకవారు ఎడమచేతి గుముకుల గాంభీర్యమును విందురు. ఎడమచేతి వాటము గల పళని సుబ్రహ్మణ్య పిళ్ళె వంటి మహావిద్వాంసుడు గాయకుని రెండవ ప్రక్కను కూర్చుండుటకు కారణము కుడిఎడమల ఈ పొందికయే. శ్రుతి తల్లి, లయ తండ్రి యని పెద్దలు చెప్పుదురు. వెనుకనున్న శ్రోతకు తల్లిదండ్రులిద్దరును చేరువనే యుందురు. సాహిత్యము మాత్రము అతనిని విడిచి ముందుకు పోవును.

వీణ సంగతి వేరు. దాని కుండపైనున్న పలక ఆకాశమువైపు చూచుచుండును గనుక నాదము అన్ని దిక్కులకును పరచుకొనును. ద్రాక్షారామమున జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారి వంటి, కాకినాడలో జన్మించిన చిట్టిబాబుగారి వంటి వైణికుల కచేరీలో వెనుక కూర్చున్నవానికి నష్టము తక్కువ. అంతేకాదు, వాదకుని ఎడమచేతి వ్రేళ్ళు మెట్లపై తీగను లాగి గమకము పుట్టించు తీరు వెనుక ఎడమప్రక్కనుండి చక్కగా కనబడును. సంగీతము నేర్చుకొను విద్యార్థికి ఆ స్థానము ఒక పాఠశాల.

లౌడుస్పీకరు వచ్చిన పిమ్మట ఈ లెక్క మారినది. కాని వెనుకవానికి మేలు చేయుటకు మారలేదు. లౌడుస్పీకర్లన్నియు ముందు జనమువైపునకు తిరిగియుండును. వాటి మంద్రధ్వని మాత్రమే చుట్టి వెనుకకు వచ్చును. సినిమాపాటల సభలలో వేదిక వెనుకనున్నవారికి డోలు దెబ్బలు మాత్రమే దద్దరిల్లుచు వినబడుటకు ఇదియే కారణము. నవమి పందిరి పాట ప్రక్కవీధి యింటిలోనికి మాటలు లేని దరువుగా వచ్చుటయందును ఈ కారణమునకు పాలు కలదు.

మరియొక చిక్కు కలదు. మందిరము పొడవు 34 మీటర్లనుకొందము. లౌడుస్పీకరునుండి వెడలిన ధ్వని ఎదుటిగోడను తాకి మరల వేదిక చేరుటకు 68 మీటర్ల ప్రయాణము. అనగా సెకండులో ఐదవవంతు కాలము. గాయకుడు సెకండునకు ఐదు స్వరములు పాడు వేగమున ఉన్నప్పుడు, తిరిగివచ్చిన స్వరము తరువాతి స్వరముపై పడును. వెనుకవానికి నేరుగా వచ్చు ధ్వని బలహీనము గనుక ఈ కలత అతనికే ఎక్కువ. కొబ్బరాకు పందిరిలో ఇంత ప్రతిధ్వని యుండదు. ఆకు ధ్వనిని తనలో ఇముడ్చుకొనును, సందులగుండ బయటికి విడుచును.

రేడియో గల గృహస్థులు గమనింపదగిన విశేష మొకటి యున్నది. గాయకుని యెదుట నుంచు మైకులలో పెక్కింటికి వినికిడి ఒక్క వైపుననే యెక్కువ. ఆ వైపు గాయకుని కభిముఖముగా నుండును. అనగా గాయకుని వెనుక కూర్చున్న శ్రోతలకును అభిముఖమే. ముందు వరుసలోని దగ్గును అట్టి మైకు అంతగా పట్టించుకొనదు. వెనుకవారి గుసగుసను, గాజుల చప్పుడును, తప్పు తాళమును మాత్రము పట్టుకొని సభకంతకును వినిపించును. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన పిమ్మటను, 1954లో ఆకాశవాణి సంగీత సమ్మేళనములు ఆరంభమైన పిమ్మటను, సభలోని సంగీతము ఇంటింటికి వచ్చినది. అట్టి ప్రసారము జరుగునప్పుడు వేదికపైనున్న శ్రోత శ్రోత మాత్రమే కాడు. కొంతవరకు ప్రసారములో భాగస్వామి. ఇంటిలో రేడియో యెదుట కూర్చున్నవారికి మాత్రము వెనుక ఆసనము లేదు. నేటి కోనసీమ జిల్లాలోని శంకరగుప్తమున 1930లో జన్మించి, విజయవాడ కేంద్రమున పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠమును రేడియోలో విన్నవారందరును ముందు వరుసలోనివారే.

విదేశములలో ఈ వెనుక స్థానమును బుద్ధిపూర్వకముగా నిర్మించిన మందిరములు కలవు. ఆంస్టర్‌డాం నగరమున 1888లో తెరచిన కాన్సర్ట్‌గెబౌ మందిరమున వాద్యబృందము వెనుక మెట్లవరుసగా ఆసనములున్నవి. బెర్లిన్ నగరమున 1963లో తెరచిన ఫిల్‌హార్మోనీ మందిరమును హాన్స్ షరూన్ అను శిల్పి, వాద్యబృందమును నడుమ నుంచి చుట్టును జనము కూర్చుండునట్లు కల్పించెను. అచట వెనుక కూర్చున్నవారికి వాద్యబృందమును నడుపువాని ముఖము కనబడును. ముందువారికి కనబడునది అతని వీపు. గాయకులు పాడునప్పుడు మాత్రము అచటను వెనుకవారికి మాట స్పష్టత తగ్గకతప్పదు. మందిర మెంత గొప్పదైనను నోరు ఒక్క వైపుననే యున్నది గదా!

కావున మన సభానిర్వాహకులు చేయదగిన పనులు కొన్ని కలవు. వీటికి ధనవ్యయము కొద్దిపాటిది. వెనుక జనము కూర్చుండు నాడు వారికొక చిన్న లౌడుస్పీకరును ప్రత్యేకముగా అమర్చవలెను. దాని మొగము శ్రోతలవైపు, వీపు మైకువైపు ఉండవలెను. ధ్వని తగ్గించి పెట్టవలెను. లేనిచో మైకు కూతపెట్టును. అందులో మృదంగము అక్కరలేదు, కంఠము చాలును. ప్రవేశరుసుము గల సభయైనచో ఆ చోటు వేదిక వెనుకనున్నదని చీటీపై ముందే తెలిపి, వెల తగ్గించుట న్యాయము. కృతికి ముందు దాని పేరు, రాగము, భావము రెండు మాటలలో చెప్పించినచో వెనుకవారికేకాక అందరికిని మేలు. విద్వాంసులును సభ ముగియునప్పుడు ఒక్కసారి వెనుకకు తిరిగి నమస్కరించిన, అచటివారు తామును సభలోనివారమే యని సంతోషింతురు.

శ్రోతయు కొంత జాగ్రత్త పడవచ్చును. గాయకుని వీపునకు సరిగా వెనుక కూర్చుండక, ఏదేని యొక ప్రక్కకు జరిగి కూర్చుండవలెను; ప్రక్కకు వచ్చినకొలది మాట స్పష్టపడును. ఫిడేలువైపునకు జరిగినచో ఎడమమూత ఘోష కొంత తగ్గును. అలవాటైన కృతుల సాహిత్యమును ఇంటియొద్ద ఒకమారు చదివికొని వచ్చినచో, చెవికి అందని హల్లును మనస్సు పూరించుకొనును. అందరికంటె ఆలస్యముగా వచ్చియో, అందరికంటె తక్కువ వెల యిచ్చియో ఆ చోట కూర్చున్నవానికిని త్యాగయ్యగారి మాట వినవలెనను ఆశ ముందు వరుసలోనివానికి ఉన్నంతయే ఉండును. ఆ ఆశను తీర్చుట సభ జరుపువారి ధర్మము.