బావి ఈత వచ్చు, సముద్రంలోకి దిగొచ్చా? ఇంగ్లండ్ తీరంలో స్కూబా డైవింగ్ సంగతులు

స్కూబా డైవింగ్ ఎపిసోడ్‌లో టైమ్ సరిపోక చాలా సంగతులు పైపైన చెప్పి వదిలేశాం. విన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగినవి రెండే ప్రశ్నలు. ఒకటి, "అన్నా, ఈ చలి నీళ్లల్ల ఏముంటదని దిగుతరు?" రెండోది, "నాకు చిన్నప్పటి నుంచి బావిల ఈత వచ్చు, నేను దిగొచ్చా?" మొదటిదానికి జవాబు సంతోషంగా చెప్తా. రెండోదానికి కొంచెం గట్టిగా చెప్పాలి. బావిలో మనకు పట్టుబడ్డ ఒక అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

డైవింగ్ అనగానే అందరికీ మాల్దీవులు, అండమాన్ ఫొటోలు గుర్తొస్తాయి. నీలం నీళ్లు, అద్దంలో చూసినట్టు కనిపించే అడుగు. ఇంగ్లండ్ సముద్రం అట్లా ఉండదు. ఆకుపచ్చగా ఉంటుంది, గాలి లేచిన మర్నాడైతే పప్పుచారులా ఉంటుంది. మూడు నాలుగు మీటర్ల దూరం కనిపిస్తే మామూలు రోజు, పది మీటర్లు కనిపిస్తే పండగ. కానీ ఆ మసక ఉత్తి మురికి కాదు. చలికాలం తుఫానులు అడుగున పేరుకున్న పోషకాలను పైదాకా కలియబెడతాయి. వసంతంలో ఎండ పెరగగానే కంటికి కనిపించని నాచు లాంటి ప్లాంక్టన్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. పొలానికి ఎరువేసి నీళ్లు పెట్టినట్టే అనుకోండి. దాన్ని చిన్న జీవులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ కూడా ఎక్కువ కరుగుతుంది. వేడి సముద్రాల నీళ్లు అంత తేటగా ఉండటానికి ఒక కారణం అందులో తేలే మేత తక్కువ కావడమే. మేత ఉన్న చోట నీళ్లు మసకగానే ఉంటాయి.

ఎక్కడ చూడాలంటే, దక్షిణ తీరంలో డోర్సెట్ వైపు స్వానేజ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ 1890ల్లో కట్టిన చెక్క పియర్ ఉంది, పక్కనే అంతకంటే పాతదాని మిగిలిపోయిన పైల్స్ కూడా ఉన్నాయి. పియర్ కింద లోతు నాలుగైదు మీటర్లే కాబట్టి కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే దిగుతారు. మన పనిలో పైల్ అంటే డ్రాయింగ్‌లో ఒక గుండ్రటి గుర్తు. ఇక్కడ ఒక్కో పైల్ ఒక్కో అపార్ట్‌మెంట్. కింద నుంచి పైదాకా స్పాంజ్‌లు, పువ్వుల్లా విచ్చుకునే ఎనిమోన్‌లు, నీళ్లు పీల్చి వదిలే సీ స్క్వర్ట్‌లు, సందుల్లో పీతలు. ఖాళీ జాగా వెతికినా దొరకదు.

ఆ సందుల్లోంచి తల బయట పెట్టి చూసేది టాంపాట్ బ్లెనీ. వేలెడు పొడవు నుంచి జానెడు దాకా ఉండే గోధుమరంగు చేప. పెద్ద పెదాలు, కళ్లపైన కొమ్మల్లాంటి రెండు కుచ్చులు. భయపడి దాక్కోదు, మనమెవరో చూద్దామని ఎదురొస్తుంది. ఆడచేపలు పెట్టిన గుడ్లకు కాపలా కాసేది మగదే.

నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం కార్క్‌వింగ్ రాస్. దీన్ని నేను మేస్త్రీ చేప అంటాను. వేసవి మొదట్లో మగచేప రాళ్ల సందులో గూడు కడుతుంది. ఏది దొరికితే అది కుక్కదు. ఒక్కో పొరకు ఒక్కో రకం సముద్రపు నాచు తెచ్చి, నోటితో నొక్కి నొక్కి కూరుతుంది. రోజుల తరబడి పని. ఆడచేప వచ్చి గూడు చూసుకుని, నచ్చితేనే గుడ్లు పెడుతుంది. ఇన్‌స్పెక్షన్ పాస్ కాకపోతే బిల్లు రాదు. కొన్ని మగచేపలు గూడు కట్టకుండా, ఆడచేపల్లాగే కనిపిస్తూ పక్కవాడి గూట్లోకి దూరి పని కానిచ్చుకుంటాయి. అట్లాంటివాళ్లు ఏ సైట్‌లో లేరు చెప్పండి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా కటిల్‌ఫిష్‌లు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరకు వస్తాయి. పేరులో ఫిష్ ఉన్నా అది చేప కాదు, ఆక్టోపస్‌కు చుట్టం. మూడు గుండెలు, నీలం రంగు రక్తం. ఒంటి మీద చారలు మనం చూస్తుండగానే పరుగెత్తుతాయి, అంతలోనే ఇసుక రంగులోకి మారి మాయమవుతుంది. మన దగ్గర మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అని తెల్లటి తేలికైన ముక్క అమ్ముతారు కదా, చిలకల పంజరంలో కూడా పెడతారు. అది నురుగు కాదు, దీని వీపులో ఉండే ఎముక. నల్ల ద్రాక్ష గుత్తుల్లా గుడ్లను నాచుకో తాడుకో కట్టి, ఆ తర్వాత తల్లీతండ్రీ రెండూ చనిపోతాయి. మొత్తం బతుకు సుమారు రెండేళ్లు.

స్వానేజ్ పక్కనే స్టడ్‌ల్యాండ్ బే ఉంది. అక్కడ నీళ్ల కింద గడ్డి మైదానం లాంటిది ఉంటుంది, అందులో సీహార్స్‌లు ఉంటాయి. 2008 నుంచి చట్టం వాటికి రక్షణ ఇస్తోంది. కావాలని వాటిని కదిలించడం, వెంటపడటం నేరం. అనుకోకుండా కనిపిస్తే చూసి పక్కకు జరగాలి, ఫ్లాష్ కొట్టి ఫొటోలు తీయకూడదు. రీల్ కోసం కేసులో ఇరుక్కోవద్దు. వీసా మీద ఉన్నవాళ్లకు ఇది మరీ మరీ చెప్తున్నా.

ఉత్తరాన నార్తంబర్‌ల్యాండ్ దగ్గర ఫార్న్ దీవుల్లో గ్రే సీల్స్ ఉంటాయి. అవే వెనక నుంచి వచ్చి ఫిన్స్ కొరికి చూస్తాయి. మనం వెంటపడకూడదు, వాటిని రానివ్వాలి. నైరుతిన ప్లిమత్ దగ్గర విట్‌సాండ్ బేలో స్కిల్లా అనే పాత నేవీ ఓడను 2004లో కావాలనే ముంచారు, జీవులకు ఇల్లు అవుతుందని. ఇప్పుడది నిండా మొలిచిపోయింది. కానీ అది కొత్తవాళ్ల జాగా కాదు. ఓడ లోపలికి వెళ్లి దారి తప్పి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. 2025లో డెవాన్, కార్న్‌వాల్ తీరాల్లో ఆక్టోపస్‌లు చాలా ఎక్కువగా కనిపించాయి. డైవర్లకు పండగ, పీతల బోనులు వేసే జాలరులకు గుండెకోత. బోనులో పడ్డ పీతలను అవి లోపలికొచ్చి తినేసి పోయాయి.

"పట్టుకుని వండుకోవచ్చా?" అని మనోళ్లు తప్పకుండా అడుగుతారు. పీతకూ లాబ్‌స్టర్‌కూ ఇంత సైజు ఉండాలని కొలత ఉంది, గుడ్లు మోస్తున్న లాబ్‌స్టర్‌ను తేవడం ఇంగ్లండ్‌లో నేరం, ఇవి కాక ఒక్కో తీరానికి సొంత నిబంధనలు ఉంటాయి. నా మాట వింటే, కూర సంగతి చేపల మార్కెట్‌కు వదిలేయండి.

ఇప్పుడు బావి సంగతి. వ్యవసాయ బావిలో వీపుకు బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్లం మనం. పందెం వేసి అడుగుదాకా మునిగి, గుప్పెడు మట్టి తెచ్చి చూపించేవాళ్లం. అప్పుడు చెవులు నొప్పి పుట్టేవి, గుర్తుందా? అదే ప్రెషర్. పది మీటర్ల లోతుకు పోతే ఒంటి మీద ప్రెషర్ పైనున్నదానికి రెట్టింపు అవుతుంది. స్కూబాలో ముక్కు మూసి మెల్లగా ఊది, మీటరు మీటరుకూ చెవులు సర్దుకుంటూ దిగుతారు. జలుబు ఉంటే దిగరు. ఇది తేలికగానే వస్తుంది.

అసలు ప్రమాదం పైకి వచ్చేటప్పుడు. బావిలో పైన పీల్చిన గాలినే బిగబట్టి మునుగుతాం, బిగబట్టే లేస్తాం. ఊపిరితిత్తుల్లోని గాలి కిందికి పోతే కుంచించుకుపోతుంది, పైకి వస్తే మళ్లీ మొదటి సైజుకే వస్తుంది. స్కూబాలో అట్లా కాదు. పది మీటర్ల కింద సిలిండర్ నుంచి నిండా పీల్చామంటే అది అక్కడి ప్రెషర్‌లో ఉన్న గాలి. బిగబట్టి పైకి లేస్తే అదే గాలి రెట్టింపు జాగా అడుగుతుంది. ఐదు లీటర్లు పట్టే ఊపిరితిత్తుల్లో పది లీటర్లు ఎక్కడ పడతాయి? ఊపిరితిత్తి చిరిగి, గాలి రక్తంలోకి పోయి, మెదడుకు చేరితే పక్షవాతం లేదా చావు. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, మనిషి నిలువెత్తు నీళ్లు చాలు. అందుకే స్కూబాలో మొదటి నియమం: ఎప్పుడూ ఊపిరి బిగబట్టకు. కంగారు పుట్టగానే ఊపిరి బిగబట్టి పైకి తన్నుకోవడం బావి ఈతగాళ్ల ఒంట్లో పాతుకుపోయిన పని. కోర్సులో స్విమ్మింగ్ పూల్‌లో గంటల తరబడి చేయించేది ఆ అలవాటును విరగ్గొట్టడానికే.

రెండో ప్రమాదానికి మన బిల్డింగ్ పనితో పాత చుట్టరికం ఉంది. నదిలో బ్రిడ్జి పునాది వేయడానికి పూర్వం పెద్ద పెట్టెను బోర్లించి దించేవాళ్లు, దాన్ని కైసన్ అంటారు. నీళ్లు లోపలికి రాకుండా గాలిని ప్రెషర్‌తో నింపితే, కూలీలు అందులో కూర్చుని అడుగు తవ్వేవాళ్లు. షిఫ్ట్ అయిపోయి పైకి రాగానే కీళ్లు పట్టేసేవి, కొందరికి కాళ్లు పడిపోయేవి, కొందరు చచ్చిపోయారు. 1870ల్లో సెయింట్ లూయిస్‌లో ఈడ్స్ బ్రిడ్జి, న్యూయార్క్‌లో బ్రూక్లిన్ బ్రిడ్జి కడుతుంటే ఇదే జరిగింది. బ్రూక్లిన్ బ్రిడ్జి చీఫ్ ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో దీనితోనే మంచాన పడ్డాడు. ఆయన భార్య ఎమిలీ ఆయన మాటలు సైట్‌కు చేరవేస్తూ పని నడిపించింది. నొప్పికి మనుషులు వంగిపోయి నడిచేవాళ్లు కాబట్టి బెండ్స్ అని పేరొచ్చింది.

కారణం నైట్రోజన్. ప్రెషర్‌లో గాలి పీలిస్తే అందులోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. మెల్లగా లేస్తే ఊపిరితో మెల్లగా బయటికి పోతుంది. గబుక్కున లేస్తే సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. 1908లో జాన్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త బ్రిటిష్ నేవీ కోసం మేకల మీద పరీక్షలు చేసి, ఎంత లోతు నుంచి ఎంత మెల్లగా లేవాలో పట్టికలు రాశాడు. ఇప్పుడు చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ చేసే లెక్కకు మూలం అదే. నిమిషానికి సుమారు పది మీటర్లకు మించకుండా లేవడం, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం ఈరోజు మామూలు పద్ధతి.

మన పనోళ్లు ఇక్కడ రెండు చోట్ల దెబ్బతినే అవకాశం ఉంది. బెండ్స్ నొప్పి ఎక్కువగా భుజాల్లో, మోచేతుల్లో వస్తుంది. మనకు భుజం నొప్పి రోజూ ఉండేదే. షటరింగ్ మోసిన నొప్పిలే అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటాం. డైవ్ చేసిన రోజు గాని మర్నాడు గాని కొత్తగా కీళ్ల నొప్పి, తిమ్మిరి, తలతిరుగుడు, మామూలుగా లేని అలసట వస్తే పడుకోవద్దు. 999కి ఫోన్ చేసి డైవింగ్ చేశానని ముందుగా చెప్పండి. సముద్రం దగ్గరే ఉంటే కోస్ట్‌గార్డ్‌ను అడగండి. ఆక్సిజన్, ప్రెషర్ చాంబర్ దీనికి వైద్యం, ఎంత తొందరగా పోతే అంత మంచిది.

రెండోది విమానం. పైన విమానంలో గాలి ప్రెషర్ నేల మీద కంటే తక్కువ, రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంత. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కడుతుంది. ఒక్కసారే దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే కనీసం 18 గంటలు ఆగమంటారు. 24 గంటలు ఆగితే ఇంకా మంచిది. శనివారం డైవ్, ఆదివారం పొద్దున్నే హీత్రూ నుంచి హైదరాబాద్, ఇట్లాంటి ప్లాన్ వేయొద్దు.

గాలి ఎంతసేపు వస్తుందనేది కూడా చాలామంది అడిగారు. లెక్క సులువే. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉంటే 2,400 లీటర్ల గాలి. 50 బార్ ముట్టుకోకూడదు, అది ఆపదకు. మిగిలింది 1,800 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు పది మీటర్ల దగ్గర 40 పీలుస్తాడు, అంటే 45 నిమిషాలు. ఇరవై మీటర్ల దగ్గర 60, అంటే అరగంట. చలి వేసినా, భయం వేసినా ఇంకా తొందరగా అయిపోతుంది. జోడీ లేకుండా దిగకపోవడం, దిగేముందు ఒకరి సామాన్లు ఒకరు చూడటం ఇక్కడి పద్ధతి. హార్నెస్ చెక్ చేసినట్టే.

కోర్సుకు ముందు ఆరోగ్యం ఫారం ఇస్తారు. అందులో అబద్ధం రాయొద్దు. ఆస్తమా, బీపీ, గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఏదున్నా ముందు డాక్టర్‌కు చూపించాలి. ఏళ్ల తరబడి రాయి, కాంక్రీట్ కోసినవాళ్లు మరీ ముఖ్యం. దుమ్ముతో ఊపిరితిత్తుల్లో మచ్చలు పడితే అక్కడ గాలి ఇరుక్కుపోతుంది, పైకి లేచేటప్పుడు ఏమవుతుందో పైన చెప్పాను. డాక్టర్ వద్దంటే వద్దు. స్వానేజ్ ఒడ్డున నీళ్లు తగ్గినప్పుడు రాతి గుంటల్లో తిరిగినా పీతలు, ఎనిమోన్‌లు, చిన్న చేపలు బోలెడు కనిపిస్తాయి, దానికి ఖర్చు లేదు.

ఇంకో మాట. సర్టిఫికెట్ వచ్చాక ఎవరైనా "నీకు డైవింగ్ వచ్చు కదా, ఆ పైల్ ఒకసారి చూసి రా, డబ్బులిస్తా" అంటే ఒప్పుకోవద్దు. డబ్బులకు నీళ్ల కింద పని చేయడానికి ఈ దేశంలో వేరే అర్హత, వేరే చట్టం ఉన్నాయి. సరదా సర్టిఫికెట్ దానికి చెల్లదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు పూల్‌లో ఒక ట్రై డైవ్ చేసి చూడండి. నచ్చితే రెండు దారులున్నాయి. డైవ్ సెంటర్‌లో పాడీ ఓపెన్ వాటర్ కోర్సు తొందరగా అయిపోతుంది, 18 మీటర్ల దాకా అనుమతి. బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ 1953 నుంచి ఉంది, ఊరూరా శాఖలున్నాయి. సభ్యులే తీరిక వేళల్లో నేర్పిస్తారు కాబట్టి మెల్లగా సాగుతుంది, మనలాంటి జీతాలకు అదే నయం. సామాన్లు కొనొద్దు, మొదటి ఏడాది అద్దెకు తీసుకోండి. దక్షిణ తీరంలో నీళ్లు మార్చిలో ఎనిమిది తొమ్మిది డిగ్రీలుంటాయి, ఆగస్టు, సెప్టెంబరుల్లో 17 దాటుతాయి. నీళ్లు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడి లాగేస్తాయి. అందుకే చలికాలం దిగేవాళ్లు లోపల ఉన్ని బట్టలు వేసుకుని, నీళ్లు దూరని డ్రైసూట్ తొడుక్కుంటారు. దాన్ని వాడటం విడిగా నేర్చుకోవాలి. కొత్తవాళ్లు సెప్టెంబరులో మందపాటి వెట్‌సూట్‌తో మొదలుపెడితే సరిపోతుంది. ఆ నెలలో కటిల్‌ఫిష్ పిల్లలు కూడా పియర్ కింద అక్కడక్కడ కనిపిస్తాయి, బొటనవేలంత ఉంటాయి.