చిలకమర్తి లక్ష్మీనరసింహం

చిలకమర్తి లక్ష్మీనరసింహం (సెప్టెంబరు 26, 1867 - జూన్ 17, 1946) ప్రముఖ తెలుగు రచయిత, నాటకకర్త, నవలాకారుడు, సంఘ సంస్కర్త. చిన్నతనం నుండే కంటిచూపు లోపంతో బాధపడి, క్రమేణా పూర్తిగా అంధుడైనప్పటికీ జీవితాంతం రచన సాగించినందున "ఆంధ్ర మిల్టన్" అనీ, చారిత్రక నవలల వలన "ఆంధ్ర స్కాట్" అనీ ప్రసిద్ధుడయ్యాడు. గయోపాఖ్యానం నాటకం, గణపతి నవల ఆయనకు విశేష కీర్తి తెచ్చాయి. తెలుగులో ఆధునిక హాస్య రచనకు పునాది వేసినవారిలో ఆయన ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

చిలకమర్తి ఆనాటి గోదావరి జిల్లాలోని ఖండవల్లి గ్రామంలో వెంకన్న, వెంకటరత్నమ్మ దంపతులకు జన్మించాడు. స్వగ్రామం వీరవాసరం. బాల్యంలోనే ఆయనకు రేచీకటి ఉన్నట్లు తెలిసింది. పగటి వెలుగులోనే చూపు అంతంతమాత్రం కాగా, పొద్దుగుంకిన తరువాత ఏమీ కనిపించేది కాదు. రాత్రిపూట దీపం ముందు కూర్చుని చదువుకొనే అవకాశం లేనందున తోటి విద్యార్థులు పాఠాలు చదువుతూ ఉంటే విని గుర్తు పెట్టుకొనేవాడు. ఈ విధంగా అలవడిన జ్ఞాపకశక్తి తరువాతి కాలంలో ఆయన రచనకు ప్రధానమైన ఆధారమయింది.

వీరవాసరం, నరసాపురంలలో చదువుకొని తరువాత రాజమండ్రి (నేటి రాజమహేంద్రవరం) చేరాడు. అప్పటికి రాజమండ్రి తెలుగు దేశంలో సంఘ సంస్కరణోద్యమానికి కేంద్రంగా ఉండేది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న అక్కడే మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఈ వాతావరణం చిలకమర్తిపై గాఢమైన ప్రభావం చూపింది. ఆయన ఆ ఊరిలోనే ఉపాధ్యాయ వృత్తి చేపట్టి, జీవితంలో అధిక భాగం అక్కడే గడిపాడు.

నాటక రచన

రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నడుపుతున్న నాటక సమాజం కోసం చిలకమర్తి నాటక రచన ప్రారంభించాడు. 1889లో వ్రాసిన కీచకవధ ఆయన తొలి నాటకం. ఇది వచన నాటకం. మరుసటి సంవత్సరం గయోపాఖ్యానం రచించాడు.

గయుడనే గంధర్వుడు తెలియక చేసిన అపరాధానికి శ్రీకృష్ణుడు ఆగ్రహించి అతనిని వధిస్తానని ప్రతిజ్ఞ చేస్తాడు. విషయం తెలియని అర్జునుడు గయునికి అభయమిస్తాడు. ప్రాణమిత్రులు, బావమరదులు అయిన ఇద్దరూ మాటకు కట్టుబడి యుద్ధానికి సిద్ధపడడం ఇందులోని ఇతివృత్తం. దేవతా పాత్రలైనప్పటికీ బంధువుల ఇళ్ళలో జరిగే కలహాలలో వలె ఎత్తిపొడుపులతో, వాదప్రతివాదాలతో మాట్లాడుకొనడం ప్రేక్షకులను విశేషంగా ఆకర్షించింది. ఈ నాటకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడైనట్లు ప్రసిద్ధి. విద్యార్థి దశలో టంగుటూరి ప్రకాశం ఈ నాటక సమాజంలో వేషాలు వేశాడు. ఆయన తరువాత 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు.

నవలా రచన

వీరేశలింగం రాజశేఖర చరిత్రము తరువాత తెలుగులో నవలా ప్రక్రియ వ్యాప్తి చెందడానికి న్యాపతి సుబ్బారావు చింతామణి పత్రిక ద్వారా నిర్వహించిన పోటీలు ఎంతో తోడ్పడ్డాయి. చిలకమర్తి వ్రాసిన రామచంద్ర విజయం (1894) ఈ పోటీలో బహుమతి పొందింది. తరువాత హేమలత (1896), అహల్యాబాయి (1897), కర్పూరమంజరి, సౌందర్య తిలక నవలలు వెలువడ్డాయి. రాజపుత్రుల చరిత్రపై టాడ్ ఆంగ్లంలో వ్రాసిన గ్రంథం ఆధారంగా రాజస్థాన కథావళి రచించాడు. భాసుని సంస్కృత నాటకాలను తెలుగులోకి అనువదించాడు. మనోరమ, దేశమాత, సరస్వతి పత్రికలతో ఆయనకు సన్నిహిత సంబంధం ఉండేది.

హాస్య రచన

చిలకమర్తి హాస్యం పలు రూపాలలో కనిపిస్తుంది. వినోదములు పేరుతో వచ్చిన చిన్న రచనలు, ప్రహసనాలు నాటి ఇళ్ళలోని, వీధులలోని మనుషులను పాత్రలుగా చేసుకొన్నవి. పకోడీని స్తుతిస్తూ చెప్పిన పద్యాలు మరొక రకం. ప్రబంధ కవులు దేవతలకు, రాజులకు వాడిన గంభీరమైన శైలిని నూనెలో వేగిన చిరుతిండికి ఉపయోగించడంలోనే వాటిలోని చమత్కారమంతా ఉంది.

ఆయన హాస్య రచనలలో అగ్రస్థానం గణపతి నవలది. ఇది 1920 ప్రాంతంలో వెలువడింది. నాయకుడైన గణపతి చదువు అబ్బక, పెద్దలకు లొంగక, తల్లిని సైతం బాధిస్తూ పెరిగిన బ్రాహ్మణ యువకుడు. ఏ విద్యా రాని ఆ గణపతే చివరకు పంతులై బడి పెడతాడు. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, తప్పు చేసిన పిల్లలకు కోదండం వేయడం వంటి పద్ధతులతో నడిచే వీధిబడులు ఆ కాలపు పాఠకులకు సుపరిచితం. అటువంటి బడిలో అక్షరజ్ఞానం కొరవడిన మనిషి గురువు స్థానంలో కూర్చొనడం నవలలో నవ్వు పుట్టించే ఘట్టం.

అయితే ఈ నవ్వు వెనుక తీవ్రమైన విమర్శ ఉంది. కులం వలన దక్కిన గౌరవం తప్ప మరే యోగ్యతా లేని వ్యక్తికి పిల్లల భవిష్యత్తును అప్పగించడానికి సమాజం వెనుదీయకపోవడాన్ని రచయిత ఎత్తి చూపాడు. గణపతి దుర్మార్గుడనడం కంటే, క్రమశిక్షణ, విద్య అందక వృథా అయిన మనిషి అనడం సమంజసం. అతని రూపాన్ని ఎగతాళి చేయడం, తల్లిపై దౌర్జన్యాన్ని వినోదంగా చెప్పడం నేటి పాఠకులకు ఇబ్బంది కలిగించవచ్చు. అయినా వేషభాషలు, పెళ్ళి సంబంధాలు, పల్లె తగాదాలు మొదలైన వాటి వర్ణన వలన ఈ నవల ఆనాటి గోదావరి తీర సాంఘిక జీవితానికి చక్కని సాక్ష్యంగా నిలిచింది.

జాతీయోద్యమం

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ వందేమాతర ఉద్యమ ప్రచారానికి రాజమండ్రి వచ్చినపుడు ఆయన ఆంగ్లోపన్యాసాలను చిలకమర్తి తెలుగులోకి అనువదించి చెప్పాడు. ఆ సందర్భంలో ఆశువుగా ఒక పద్యం చదివాడు. అందులో భారతదేశాన్ని పాడి ఆవుగా, ప్రజలను ఆకలితో ఏడ్చే లేగదూడలుగా, తెల్లవారిని ఆ దూడల మూతులు కట్టి పాలు పితుక్కొనేవారిగా వర్ణించాడు. ఆర్థిక దోపిడీ గురించి పెద్ద ఉపన్యాసంలో చెప్పవలసిన విషయం పశువుల కొట్టం ఎరిగిన ప్రతి రైతుకూ ఒక్క పద్యంతో అర్థమయింది. ఈ పద్యం ఆంధ్రదేశమంతటా వ్యాపించింది. ఈ ఉద్యమంలో పాల్గొన్నందుకు రాజమండ్రి ట్రైనింగ్ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యాడు.

సంఘ సేవ

వీరేశలింగం అనుయాయిగా చిలకమర్తి బ్రహ్మసమాజ భావాలను ఆదరించాడు. 1909లో రాజమండ్రిలో అంటరానివారుగా పరిగణింపబడిన కులాల పిల్లల కోసం రాజా రామమోహన రాయ్ పేరుతో పాఠశాల స్థాపించి, పలు సంవత్సరాలు నిర్వహించాడు. ఆ పిల్లలకు ఇతర బడులలో ప్రవేశం దుర్లభమైన రోజులవి. గణపతి నవలను ఈ కృషితో కలిపి పరిశీలించినపుడు రచయిత దృష్టి స్పష్టమవుతుంది. అర్హత లేకుండానే పంతులైన అగ్రవర్ణ యువకుడిని చూసి నవ్వించిన రచయితే, చదువుకొనే హక్కు లేదని సమాజం దూరం పెట్టిన పిల్లలకు బడి తెరిచాడు.

చివరి సంవత్సరాలు

చూపు పూర్తిగా పోయిన తరువాత ఆయన తాను చెబుతుండగా ఇతరులచే వ్రాయించేవాడు. 1942లో వెలువడిన స్వీయచరిత్రము ఆ విధంగా జ్ఞాపకశక్తిపై ఆధారపడి చెప్పిన గ్రంథమే. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాలలోని పల్లెలు, బడులు, నాటక సమాజాలు, పత్రికలు, సంస్కరణోద్యమాల గురించి తెలుసుకొనడానికి ఇది ముఖ్యమైన ఆధారం. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1946 జూన్ 17న ఆయన మరణించాడు.

సమకాలీన హాస్య రచయితలు

చిలకమర్తి కంటే ముందు వీరేశలింగం తన ప్రహసనాలలో లంచగొండితనం, మూఢాచారాలపై ఘాటైన వ్యంగ్యం ప్రయోగించాడు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శింపబడింది. సాక్షి వ్యాసాలు వ్రాసిన పానుగంటి లక్ష్మీనరసింహారావు (1865-1940) చిలకమర్తికి దాదాపు సమవయస్కుడు. వీరిలో చిలకమర్తి హాస్యం సౌమ్యమైనది. చురక వేసినా మనిషిపై జాలి విడువనిది.

అమెరికన్ హాస్య రచయిత మార్క్ ట్వెయిన్ (1835-1910) కూడా ఇదే కాలానికి చెందినవాడు. అప్పులు తీర్చడానికి ప్రపంచ ఉపన్యాస యాత్ర చేపట్టిన ట్వెయిన్ 1896లో భారతదేశంలో పర్యటించాడు. ఆయన నవలలను తరువాతి కాలంలో నండూరి రామమోహనరావు తెలుగులోకి అనువదించాడు. ట్వెయిన్ సృష్టించిన టామ్ సాయర్, చిలకమర్తి గణపతి ఇద్దరూ బడి ఎగవేసే అల్లరి పిల్లలే. అయితే టామ్ అల్లరిలో బాల్యపు స్వేచ్ఛ కనిపిస్తే, గణపతి అల్లరి పెద్దయ్యాక కూడా తగ్గక మౌఢ్యంగా స్థిరపడుతుంది.

ప్రభావం

గణపతి ఆకాశవాణిలో నాటకంగా ప్రసారమై, నవల చదవనివారికి కూడా చేరువయింది. గయోపాఖ్యానం రంగస్థలంపై దశాబ్దాల పాటు నిలిచింది. సులభమైన గ్రాంథిక వచనంలో, వాడుకకు దగ్గరగా ఉండే సంభాషణలతో కథ నడపడం చిలకమర్తి తరువాతి తరానికి అందించిన మార్గం. అక్షరాలను కళ్ళతో చూడలేని స్థితిలో, విన్న మాటలనే ఆధారం చేసుకొని రచన సాగించినందువలన ఆయన సంభాషణలలో మాట్లాడే తెలుగు సొగసు నిలిచి ఉన్నదని చెప్పవచ్చు.

ముఖ్య రచనలు

నాటకాలు: కీచకవధ, గయోపాఖ్యానం, ప్రసన్న యాదవం
నవలలు: రామచంద్ర విజయం, హేమలత, అహల్యాబాయి, సౌందర్య తిలక, కర్పూరమంజరి, గణపతి
ఇతరములు: రాజస్థాన కథావళి, వినోదములు, భాస నాటకాల అనువాదాలు, స్వీయచరిత్రము