మూడు కిలోమీటర్ల లోతు నుంచి లడఖ్ ఎత్తుకు

మా నాయన కోలార్ బంగారు గనుల్లో (కేజీఎఫ్), చాంపియన్ రీఫ్ గనిలో 3 కిలోమీటర్ల లోతుకు దిగిన మనిషి. "నేను చూసిందంతా కిందే. నువ్వు పైకి పోయి చూసి రా నాయనా" అనేవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది.

నిరుడు జూన్‌లో, నా యాభై ఎనిమిదో ఏట, నేనూ మా బావమరిదీ పాత జీపులో కేజీఎఫ్ నుంచి లడఖ్‌కు బయల్దేరాం. బాగేపల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఢిల్లీ దాటి అంబాలా దాకా అదే దారి. మనాలి తర్వాత 9 కిలోమీటర్ల అటల్ సొరంగం. ఆ దీపాల వరస చూస్తే నాయనే గుర్తొచ్చాడు.

కేలాంగ్‌లో రెండు రాత్రులు ఆగాం. ముందున్న తంగ్లాంగ్ లా కనుమ ఎత్తు 5,328 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగమే. ఒళ్లు అలవాటు పడాలంటే టైమివ్వాలి. తలనొప్పి, వాంతులు ముదిరితే వెంటనే కిందికి దిగాల్సిందే.

కనుమ మీద చెట్టూ చేమా లేదు. బూడిదరంగు కొండలు, అచ్చం మా ఊళ్లో గని వ్యర్థాలు పోసిన సయనైడ్ దిబ్బల్లా. జేబులోంచి నాయన ఇత్తడి హాజరు బిళ్ళ తీశాను. రాయి కూడా ఉడికే వేడి చూసిన బిళ్ళ, నా అరచేతిలో మంచుముక్కలా ఉంది.