మీకు తెలుసా? ఆ సరస్సులో బాస్ చేప అతిథా, దొంగా!

విదేశాలకు వెళ్లినప్పుడు గాలం వేయాలని సరదాపడేవాళ్లు సరస్సును చాలావరకు ఫొటో చూసే ఎంచుకుంటారు. వెనక ఒక కొండ, ముందు నీళ్లు, పొద్దున్నే తేలే మంచుతెర. ఇంకేం కావాలి! కానీ లార్జ్‌మౌత్ బాస్ అనే చేప దగ్గరికొచ్చేసరికి ఒక సరస్సులో మర్యాద అనిపించుకున్న పని మరో సరస్సులో తప్పవుతుంది. అందుకే ఈ చేప కథలు కొన్ని తెలుసుకుని బయల్దేరితే మంచిది.

● ముందుగా అసలు చేప సంగతి. బాస్ సొంతూరు ఉత్తర అమెరికా. పచ్చటి ఒళ్లు, పక్కన నల్లటి చార, కంటి వెనక దాకా చీలిన నోరు. మన హోటళ్లలో సీ బాస్ పేరుతో వడ్డించే పండుగప్పకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది పూర్తిగా మంచినీటి చేప. వసంతంలో నీళ్లు 15 డిగ్రీలు దాటి వెచ్చబడుతుంటే మగచేప గట్టుకు దగ్గరగా తోకతో అడుగు ఊడ్చి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. గుడ్లకూ, పొదిగి వచ్చిన పిల్లలకూ కాపలా తండ్రిదే. కొరమీను తన పిల్లల గుంపును వెంటబెట్టుకుని తిరగడం చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు. ఆ కాపలాదారు గాలానికి చిక్కితే మిగతా చేపలు క్షణాల్లో గూటిమీద పడతాయి. కెనడాలోని ఒంటారియోలో చాలాచోట్ల బాస్ వేట జూన్ నెల సగం దాటాకే మొదలవడానికి కారణం ఇదే. మే నెల సెలవులకు టికెట్లు కొనుక్కున్నవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు, మొత్తం ప్రయాణం తారుమారు కావడానికి.

● రికార్డు చేప వండుకుని తినేశారు! 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో మాంట్‌గోమరీ లేక్ అనే నదీపాయలో జార్జ్ పెర్రీ అనే కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. అంటే పది కిలోలపైనే. అప్పుడు అమెరికాలో ఆర్థికమాంద్యం. చేపను తూకం వేయించి ఇంటికి తీసుకెళ్తే ఇంటిల్లిపాదీ తిన్నారు. ఆ రికార్డు జోలికి 77 ఏళ్లపాటు ఎవరూ రాలేకపోయారు.

● వచ్చినవాడు జపాన్ మనిషి. 2009 జూలై 2న క్యోటో పక్కనున్న బివా సరస్సులో మనాబు కురితా పట్టిన చేప పెర్రీ చేపకన్నా ఔన్సులోపు ఎక్కువ తూగింది. అయినా రికార్డు బద్దలు కాలేదు, సమానమైందంతే! అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్‌ఏ నిబంధన ప్రకారం ఈ తరగతి చేపలకు కనీసం 2 ఔన్సుల తేడా ఉండాలి. ఆ మాత్రం సమానమని ఒప్పుకోవడానికి కూడా ఆ సంస్థ కురితాకు లై డిటెక్టర్ పరీక్ష పెట్టింది. ఆయన నెగ్గాడు. చేపల వేటగాళ్ల మాటల మీద లోకానికి ఉన్న నమ్మకం ఏపాటిదో ఇంతకన్నా ఎవరు చెప్పగలరు!

● ఆ ఇద్దరికన్నా పెద్ద చేపను పట్టి వదిలేసినవాళ్లూ ఉన్నారు. 2006లో కాలిఫోర్నియాలోని డిక్సన్ లేక్‌లో దొరికిన ఓ బాస్ చేతి కాటాలో 25 పౌండ్లు దాటింది. గాలం నోటికి కాక ఒంటికి గుచ్చుకుంది. దాంతో పట్టినవాళ్లు రికార్డు కోసం పట్టుబట్టకుండా చేపను నీళ్లలోకి వదిలేశారు. దాని మొప్ప దగ్గర నల్లటి చుక్క ఉండేది, అందుకే డాటీ అని ముద్దుపేరు. రెండేళ్ల తర్వాత అదే చుక్కతో చచ్చి తేలింది. నా లెక్కలో నిజమైన రికార్డు ఆ వదిలేయడమే.

● ఇప్పుడు బివాకే వెళ్లాలని ఉందా? వెళ్లండి, జపాన్‌లోకెల్లా పెద్ద సరస్సు అది. విస్తీర్ణం దాదాపు 670 చదరపు కిలోమీటర్లు. కానీ అక్కడ పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలోకి వదలకూడదు. షిగా ప్రిఫెక్చర్ 2003 నుంచి ఆ నియమం పెట్టింది. ఒడ్డున పెట్టెలు పెట్టారు, చేపను వాటిలో వేసి రావాలి. బాస్ అక్కడ వలసవచ్చిన చేప, సరస్సులోని సొంత జాతులను మింగేస్తోందని వాళ్ల బాధ. 2005 నుంచి జపాన్ అంతటా బతికున్న బాస్‌ను పెంచడం, ఒకచోటినుంచి మరోచోటికి తరలించడం నేరం.

కురితా ఎరగా వాడిన బ్లూగిల్ కథ ఇంకా చిత్రం. అదీ అమెరికా చేపే. 1960లో అప్పటి యువరాజు అకిహితోకు షికాగో మేయర్ కానుకగా ఇచ్చినవే జపాన్ అంతటా పాకాయి. చక్రవర్తి అయ్యాక 2007లో షిగాలో జరిగిన సభలో, అది నేను తెచ్చిన చేపే అని అకిహితో బహిరంగంగా విచారం వెలిబుచ్చారు.

మరి జపాన్‌లో బాస్ వేట హాయిగా సాగే చోటే లేదా? ఉంది. హకొనేలోని అషి సరస్సు, ఫుజి పర్వతం చెంతనున్న కవగుచి, యమనక, సాయి సరస్సులు నాలుగూ చట్టం ఒప్పుకున్న చోట్లు. జపాన్‌లో బాస్ మొదట అడుగుపెట్టింది 1925లో అషిలోనే. టిక్కెట్టు కొని గాలం వేయాలి. కవగుచిలో మెత్తటి ప్లాస్టిక్ వానపాముల్ని ఎరగా వాడనివ్వరు. ఫుజి నీడలో పడవ ఎక్కాలనుకునేవారు ఆ ఎరల డబ్బాను ఇంట్లోనే పెట్టి వెళ్లాలి.

● ఒక విమాన సంస్థ సరదా ఒక పక్షిని మింగేసిందని తెలుసా? గ్వాటెమాలాలోని అతిత్లాన్ సరస్సు చుట్టూ మూడు అగ్నిపర్వతాలు. ప్రపంచంలోని అందమైన సరస్సుల్లో ఒకటని అందరూ చెప్పుకునేది. 1958లో పర్యాటకుల్ని రప్పించడానికి పాన్ యామ్ విమాన సంస్థ పూనికతో అందులో బాస్ వదిలారు. అవి అక్కడి చిన్న చేపల్ని, పీతల్ని తిని బలిశాయి. వాటిమీదే బతికే పోక్ అనే పక్షికి తిండి కరువైంది. ఎగరలేని ఆ పక్షి ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండేది కాదు. నీళ్లమీద ఈదే దాని పిల్లల్ని కూడా బాస్ పట్టుకుపోయేది. యాన్ లాబస్టీ అనే శాస్త్రవేత్త ఏళ్లతరబడి దాన్ని కాపాడటానికి పోరాడింది. వేటగాళ్లను ఆపింది, రక్షణ కేంద్రం పెట్టించింది. సంఖ్య కొంత కోలుకుంది కూడా. ఇంతలో 1976 భూకంపంతో సరస్సు మట్టం తగ్గుతూ వచ్చింది, ఒడ్డున రెల్లుదుబ్బులు పోయాయి, భవంతులు లేచాయి. 1980లు ముగిసేసరికి పోక్ కథ ముగిసింది. తప్పంతా బాస్‌దే అనను. ఆ చేపను తెచ్చి పడేసిన మనుషులది. అతిత్లాన్‌లో ఇవాళ బాస్ పట్టి తింటే ఎవరికీ పాపం అంటదు.

● టెక్సస్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. 1986 నుంచి అక్కడ 13 పౌండ్లు దాటిన బాస్‌ను పట్టినవాళ్లు సర్కారుకు గుడ్ల కోసం అప్పిస్తారు! పెద్ద బాస్‌లన్నీ ఆడవే, వాటి సంతానాన్ని సరస్సుల్లోకి వదులుతారు. డల్లస్ నుంచి గంటన్నర దూరంలోని లేక్ ఫోర్క్ ఈ చేపలకు పెట్టింది పేరు. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ చిక్కితే వదిలిపెట్టి తీరాలి. బివాలో వదిలితే తప్పు, ఇక్కడ ఉంచుకుంటే తప్పు.

● సామాను సర్దేటప్పుడు రెండు మాటలు. పెద్ద గాలాలకు మొనలు మూసి, చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. మడత రాడ్ అయితే మోత తగ్గుతుంది. కెనడా జాతీయ పార్కుల్లో 50 గ్రాములకన్నా తక్కువ బరువుండే సీసం గుండ్లు నిషిద్ధం. అవి మింగి నీటిపక్షులు చచ్చిపోతాయి.

● డల్లస్‌లోనో హ్యూస్టన్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక శుభవార్త. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టుమీద నిలబడి గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు, పార్కు ప్రవేశ రుసుము కడితే చాలు. పదిహేడేళ్లలోపు మనవలకు టెక్సస్‌లో ఎక్కడైనా మినహాయింపే. పార్కు దాటి బయట గాలం వేయాలంటే మాత్రం ఒకరోజు లైసెన్సు కొనండి. ఏ దేశమైనా సరే, ఆ సరస్సు నిబంధనల్ని అక్కడి చేపల శాఖ సైటులో ఒకసారి చదివాకే విమానం టికెట్టు తీసుకోండి.